టొరంటోలో సరస్సు నీళ్లతో ఏసీ: మన బెంగళూరు చెరువులతో కుదురుతుందా?

పద్మజ_హెచ్ఎస్ఆర్ | మార్చి 3, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో నీళ్ల పని నేను చూస్తాను. మా తమ్ముడు టొరంటోలో ఉంటాడు. వాళ్ల ఆఫీసు మేడ మీద మన దగ్గర కనిపించే కూలింగ్ టవర్లు అసలు లేవట. చల్లదనం సరస్సు అడుగు నుంచి పైపుల్లో వస్తుందని చెప్పాడు. రెండు రోజులుగా నా బుర్రలో అదే తిరుగుతోంది.

మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో అగర చెరువు ఉంది. కాస్త ముందుకు వెళ్తే 900 ఎకరాల బెళ్లందూరు. దాని చుట్టూ ఔటర్ రింగ్ రోడ్డు పొడవునా అద్దాల మేడలే, అన్నిటికీ పగలంతా ఏసీ నడవాల్సిందే. చెరువు నీళ్లతో ఆ మేడలు చల్లబడితే కరెంటు మిగులుతుంది, ట్యాంకర్లూ తగ్గుతాయి కదా? ఆ పైపు ఇక్కడెందుకు వేయలేదో తెలిసినవాళ్లు చెప్పండి. నేను ఇంజినీర్‌ని కాదు, కొంచెం విడమరిచి రాయండి.

చిల్లర్_శ్రీను | మార్చి 3, రాత్రి 10:25

పద్మజ గారూ, నేను ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక టెక్ పార్కులో ఏసీ ప్లాంటు చూసుకుంటాను. పేరు రాయను. పదకొండేళ్లుగా ఇదే పని.

పెద్ద మేడలో ఏసీ అంటే నేలమాళిగలో చిల్లర్ అనే యంత్రం నీళ్లను 7 డిగ్రీలకు చల్లబరుస్తుంది. ఆ నీళ్లు అంతస్తులన్నీ తిరిగి, గదుల్లోని వేడిని మోసుకుని 12, 13 డిగ్రీలకు వేడెక్కి కిందికి వస్తాయి. ఆ వేడిని చిల్లర్ లాగేసి ఇంకో నీళ్లకు ఇస్తుంది. అవి మేడ మీది కూలింగ్ టవర్‌కు వెళ్లి, కొంత ఆవిరై, మిగిలింది చల్లబడి మళ్లీ దిగుతాయి. ఇందులో కరెంటు ఎక్కువగా తాగేది చిల్లరే. మంచి చిల్లర్ అయినా టన్నుకు 0.6 యూనిట్లు గంటకు తింటుంది. వెయ్యి టన్నుల ప్లాంటు ఫుల్ లోడ్‌లో ఉంటే ఒక్క చిల్లర్లకే గంటకు 600 యూనిట్లు.

సరస్సు అడుగున 4 డిగ్రీల నీళ్లు ఉచితంగా దొరికితే ఇక చిల్లర్ దేనికి? పంపులు తిప్పితే సరిపోతుంది. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ 2000లో కయూగా సరస్సు నుంచి ఇలాగే మొదలుపెట్టింది. దాదాపు 76 మీటర్ల లోతు నుంచి నీళ్లు తెస్తారు. కూలింగ్‌కు అయ్యే కరెంటు 86 శాతం తగ్గిందని వాళ్ల లెక్క.

నీళ్ల పరిమాణం కూడా చెప్తాను. మీ బెడ్‌రూమ్‌లో ఉండే ఒక టన్ను ఏసీ పని నీళ్లతో చేయాలంటే, నీళ్లు 6 డిగ్రీలు వేడెక్కుతాయనుకుంటే గంటకు 500 లీటర్లు కావాలి. అంటే గంటకొక సింటెక్స్ ట్యాంకు. వెయ్యి టన్నుల మేడకు గంటకు 5 లక్షల లీటర్లు. నీళ్లు ఖర్చయిపోవు, తిరుగుతూ ఉంటాయి. కానీ అంత నీటిని మోసే పైపు, పంపు ఉండాలి.

బెళ్లందూరులో ఎందుకు కుదరదో నాకంటే ఆ ఊరివాళ్లు బాగా చెప్తారు.

లావణ్య_ఆర్కిటెక్ట్ | మార్చి 3, రాత్రి 11:02

నేను టొరంటోలో మూడేళ్లు పనిచేసి పోయినేడు ఇందిరానగర్‌కు తిరిగి వచ్చేశాను. మీ తమ్ముడు చెప్పింది నిజమే. ఎన్‌వేవ్ అనే సంస్థ 2004లో మొదలుపెట్టింది. ఒంటారియో సరస్సులో ఒడ్డు నుంచి 5 కిలోమీటర్లు లోపలికి మూడు పైపులు వేశారు. 83 మీటర్ల లోతున వాటి నోరు ఉంటుంది. ఏ కాలంలోనైనా అక్కడి నీళ్లు 4 డిగ్రీల దగ్గరే.

నాకు బాగా నచ్చింది ఆ తర్వాతి సంగతి. ఆ నీళ్లు మేడల్లోకి రావు. ముందు శుద్ధి అవుతాయి, తర్వాత పంపింగ్ స్టేషన్‌లో సన్నటి లోహపు పలకల మధ్య నుంచి వెళ్తాయి. పలకకు అవతలి వైపు మేడల నుంచి వచ్చిన వేడి నీళ్లు ఉంటాయి. ఇవి కలవవు, పలక గుండా వేడి మాత్రం మారుతుంది. ఆ పని అయ్యాక సరస్సు నీళ్లు తిరిగి సరస్సులోకి కాకుండా ఊరి మంచినీళ్ల పైపుల్లోకి వెళ్తాయి. ఊరు ఎలాగూ తాగడానికి తోడుకునే నీళ్లే దారిలో మేడలను కూడా చల్లబరుస్తాయన్నమాట.

నేను పనిచేసిన మేడ బేస్‌మెంట్‌లో ఆ పలకల పెట్టె ఒకటి చూశాను. పెళ్లిళ్లలో ఇస్తరాకుల కట్ట నిలబెట్టినట్టు ఉంటుంది. చిల్లర్ హోరు లేదు. పక్కన నిలబడి మామూలు గొంతుతో మాట్లాడుకున్నాం.

నాగరాజు_బెళ్లందూరు | మార్చి 4, ఉదయం 6:40

పద్మజ మేడమ్, మేము మూడు తరాలుగా ఈ ఊరివాళ్లం. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే కన్నడ. మా తాత ఈ కెరె (చెరువు) కింద వరి పండించాడు.

మన చెరువులు సరస్సులు కావు. లోయకు అడ్డంగా కట్ట కట్టి వాన నీటిని ఆపినవి. ఒకటి నిండితే రాజకాలువెలో దిగి ఇంకోదానికి, అక్కడి నుంచి ఇంకోదానికి. వ్యవసాయానికి కట్టినవి కాబట్టి వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ. బెళ్లందూరు ఎంత పెద్దదైనా లోతు రెండు మూడు నిలువులు దాటదు. ఎండ అడుగుదాకా తగులుతుంది. చిన్నప్పుడు మే నెలలో దిగితే మోకాళ్ల దాకా వేడి, నడుము దాకా వెళ్లినా గోరువెచ్చనే.

ఇప్పుడైతే దిగే పరిస్థితే లేదు. 2017లో, 2018లో చెరువు తగలబడింది. నీళ్ల మీద మంట లేచింది. నురగ రోడ్డు మీదికి ఎగిరి బండ్లవాళ్ల మొహాలకు అంటుకునేది. ఆ చెరువులోకి మేడల వేడి కూడా వదులుతామంటే నేను ఒప్పుకోను. మీ మీద కోపంతో రాయడం లేదు మేడమ్, చూసి చూసి బాధతో రాస్తున్నాను.

రామ్మూర్తి_మల్లేశ్వరం | మార్చి 4, ఉదయం 8:15

నాగరాజు గారు లోతు గురించి చెప్పినది అక్షరాలా నిజం. అయితే లోతు ఒక్కటే కారణం అనుకుంటే అసలు విషయం జారిపోతుంది. నేను ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పాను. కొంచెం పొడవుగా రాస్తే ఓపిక పట్టండి.

నీళ్లకు ఒక ప్రత్యేకత ఉంది. చల్లబడే కొద్దీ బరువెక్కుతాయి, కానీ 4 డిగ్రీల దాకే. ఇంకా చల్లబడితే మళ్లీ తేలికవుతాయి, అందుకే మంచు తేలుతుంది. కెనడాలో చలికాలం వచ్చినప్పుడు సరస్సు పైనీళ్లు చల్లబడి 4 డిగ్రీలకు రాగానే బరువెక్కి అడుగుకు దిగుతాయి. వేసవిలో పైనీళ్లు 20 డిగ్రీలకు వేడెక్కినా అవి తేలిక కాబట్టి పైనే ఉంటాయి. కింద ఉన్న చలికాలపు నీళ్లు కదలవు. కాబట్టి టొరంటోవాళ్లు జులైలో తోడుకుంటున్నది జనవరి నాటి చలి. మన ఇళ్లలో ఆవకాయ వేసవిలో పెట్టి ఏడాదంతా తిన్నట్టు, వాళ్ల సరస్సు శీతాకాలాన్ని నిలవ చేసి పెడుతుంది.

మనకు ఆ శీతాకాలమే లేదు. బెంగళూరులో జనవరిలో తెల్లవారుజామున 15, 16 డిగ్రీలకు దిగితే స్వెటర్లు బయటికి తీస్తాం. అందువల్ల ఇక్కడ వంద మీటర్ల చెరువు తవ్వినా అడుగున 4 డిగ్రీల నీళ్లు ఉండవు.

అనూప్_మెకానికల్ | మార్చి 4, మధ్యాహ్నం 1:30

సార్, చిన్న సందేహం. నేను ఇక్కడ మెకానికల్ మూడో ఏడు చదువుతున్నాను, మా ఊరు మాచర్ల. నాగార్జునసాగర్ డ్యామ్ ఎత్తు 124 మీటర్లు, శ్రీశైలం 145. అంత లోతున్న చోట అడుగు నీళ్లు చల్లగానే ఉండాలి కదా? హైదరాబాద్‌కు అక్కడి నుంచే కృష్ణా నీళ్లు వస్తున్నాయి. టొరంటో లాగా దారిలో వాడుకోలేమా?

రామ్మూర్తి_మల్లేశ్వరం | మార్చి 4, సాయంత్రం 5:50

మంచి ప్రశ్న నాయనా. ఆఫ్రికాలో టాంగన్యీకా సరస్సు ఉంది. లోతు దాదాపు 1,470 మీటర్లు. దాని అడుగున నీళ్ల వేడి ఎంతో తెలుసా? 23 డిగ్రీలకు పైనే. కిలోమీటరున్నర లోతుకు వెళ్లినా చలి లేదు, ఎందుకంటే అక్కడ పైనీళ్లు ఏ నెలలోనూ అంతకంటే చల్లబడవు. సరస్సు అడుగు ఆ ప్రాంతపు శీతాకాలాన్ని గుర్తుపెట్టుకుంటుంది. గుర్తుపెట్టుకోవడానికి శీతాకాలం ఉండాలి.

సాగర్ అడుగు నీళ్లు పైనీళ్ల కంటే కొంచెం చల్లగా ఉంటాయి, నిజమే. కానీ ఏసీకి 7 డిగ్రీల నీళ్లు కావాలి. పైగా ఎండలో కాలువల్లో పారి, ట్యాంకుల్లో నిలిచి ఊరికి చేరేసరికి ఆ తేడా కూడా మిగలదు.

వేళచ్చేరి_కిరణ్ | మార్చి 4, రాత్రి 9:35

చెన్నై నుంచి రాస్తున్నాను. ఓడల్లో ఇంజినీర్‌గా చేసి ఇప్పుడు ఒడ్డున ఉద్యోగం. మాస్టారూ, మీ మాటకు ఒక చేర్పు: సముద్రం మీ లెక్కలోకి రాదు. ధ్రువాల దగ్గర చల్లబడి మునిగిన నీళ్లు సముద్రాల అడుగున ప్రపంచమంతా పాకుతాయి. అందుకే ఉక్కతో ఉడికే చెన్నైకి ఎదురుగా కూడా సముద్రంలో 500 మీటర్లు దిగితే నీళ్లు 10 డిగ్రీలు. మనకు లేని శీతాకాలాన్ని సముద్రం వేరే చోట నుంచి మోసుకొస్తుంది.

ఇది కాగితం మీది మాట కాదు. మా పక్కనే పళ్లికరణైలో ఎన్ఐఓటీ (జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ) ఉంది. వాళ్లు 2005లో లక్షద్వీప్‌లోని కవరత్తిలో ప్లాంటు పెట్టారు. 350 మీటర్ల లోతు నుంచి 12 డిగ్రీల నీళ్లు తెచ్చి, పైన 28 డిగ్రీల సముద్రపు నీటిని తక్కువ పీడనంలో ఆవిరి చేసి, ఆ ఆవిరిని చల్లనీళ్లతో మళ్లీ నీరుగా మారుస్తారు. రోజుకు లక్ష లీటర్ల తాగునీరు. తర్వాత మినికాయ్, అగత్తిలలో కూడా పెట్టారు. 2007లో చెన్నైకి 40 కిలోమీటర్ల దూరంలో బార్జ్ మీద రోజుకు పది లక్షల లీటర్ల ప్లాంటు నడిపి చూపించారు.

పద్మజ_హెచ్ఎస్ఆర్ | మార్చి 4, రాత్రి 9:50

కిరణ్ గారూ, అంత చల్లని నీళ్లు ఉంటే మరి చెన్నై మేడలకు ఎందుకు తేవడం లేదు?

వేళచ్చేరి_కిరణ్ | మార్చి 4, రాత్రి 10:40

దూరం అండీ. కవరత్తి పగడపు దీవి, ఒడ్డు దాటగానే సముద్రం గోడలా దిగిపోతుంది. 600 మీటర్ల పైపు సరిపోయింది. చెన్నై దగ్గర నేల ఏటవాలుగా మెల్లగా దిగుతుంది. ఆ 500 మీటర్ల లోతు అందాలంటే 40 కిలోమీటర్లు వెళ్లాలి. అంత పైపును తుఫాన్లు తగిలే బంగాళాఖాతంలో వేసి నిలబెట్టాలి, దారిలో నీళ్లు వేడెక్కకుండా చూడాలి.

పైపు దించడం ఎంత కష్టమో సముద్రం మీద పనిచేసినవాళ్లకే తెలుస్తుంది. తూత్తుక్కుడి దగ్గర సాగర్ శక్తి అని సముద్రపు వేడి తేడాతో కరెంటు తీసే ప్రయత్నం జరిగింది. కిలోమీటరు పైపు దించడంలోనే దెబ్బతింది. హవాయిలోని హోనలూలూలో ఊరి మేడలకు సముద్రపు చల్లనీళ్లు ఇద్దామని ఏళ్ల తరబడి ప్రయత్నించి, ఖర్చు పెరిగిపోయి 2020లో ఆపేశారు. అక్కడ లోతు ఒడ్డుకు దగ్గరే, అయినా ఆ పరిస్థితి.

దీవుల్లో, లోతు దగ్గరగా ఉన్న చోట ఇది చాలా మంచి పద్ధతి. చెన్నైకి నా జీవితకాలంలో వస్తుందని నాకు నమ్మకం లేదు. రాయడానికి బాధగానే ఉంది, ఎందుకంటే మే నెలలో మా వీధిలో కరెంటు పోయిన రాత్రి పెద్దవాళ్లు ఎలా అల్లాడతారో చూస్తున్నాను.

లావణ్య_ఆర్కిటెక్ట్ | మార్చి 5, ఉదయం 7:20

సరస్సు కుదరదు సరే. టొరంటోలో ఇంకో సగం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. ఒక్కో మేడకు ఒక్కో ప్లాంటు కాకుండా వీధుల కింద ఒకే పైపుల వల వేసి అందరికీ చల్లనీళ్లు అమ్మడం. దీనికి సరస్సు అక్కర్లేదు. గాంధీనగర్ దగ్గర గిఫ్ట్ సిటీలో మామూలు చిల్లర్లతోనే ఇలా నడుస్తోంది. అమరావతిలో ప్రభుత్వ భవనాల కోసం 2019లో ఇలాంటి ఒప్పందమే కుదిరింది, తర్వాత కొన్నేళ్లు రాజధాని పనులే ఆగిపోయాయి.

ఆఫీసుకు పగలు చల్లదనం కావాలి, హోటల్‌కు రాత్రి, ఆస్పత్రికి ఎప్పుడూ. అన్నీ ఒకే వల మీద ఉంటే మొత్తానికి తక్కువ యంత్రాలు చాలు. రాత్రి నీళ్లు చల్లబరిచి పెద్ద ట్యాంకులో నిలవ చేసి పగలు వాడుకోవచ్చు. రామ్మూర్తి గారూ, ఆ ట్యాంకులో జరిగేది అచ్చంగా మీరు చెప్పిందే. చల్లనీళ్లు కింద, వేడినీళ్లు పైన, మధ్యలో గోడ లేకుండానే కలవకుండా ఉంటాయి. 4 డిగ్రీల కంటే చల్లబరిస్తే తేలికై పైకి వచ్చి అంతా కలిసిపోతుంది కాబట్టి అక్కడే ఆపుతారు.

కొత్తగా కట్టే పేటల్లో ఇది చేయాలి. ఔటర్ రింగ్ రోడ్డు ఇప్పటికే తవ్వి తవ్వి ఉంది, అక్కడ ఇప్పుడు వల వేయడం చాలా కష్టం.

రామ్మూర్తి_మల్లేశ్వరం | మార్చి 5, ఉదయం 10:05

నిన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. "మనకు శీతాకాలం లేదు" అని రాసి ఊరుకున్నాను. అది సగం జవాబు. మనకు ఉన్నదేమిటో చెప్పకుండా వదిలేశాను.

మట్టికుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి? కుండ పైనుంచి నీరు ఆవిరవుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత బాగా. చెన్నైలో మే నెలలో కుండ నీళ్లు అంత చల్లబడవు, కిరణ్ గారికి తెలుసు. బెంగళూరులో ఇప్పుడు, ఈ మార్చిలో పెట్టి చూడండి. మధ్యాహ్నం 33 డిగ్రీలు ఉన్నా గాలి పొడి. థర్మామీటర్ బుడ్డికి తడిగుడ్డ చుట్టి విసిరితే 19 దగ్గర ఆగుతుంది. ఆవిరి కావడం ద్వారా నీళ్లు చేరగల హద్దు అది. మన ఊరు సముద్రానికి 900 మీటర్ల ఎత్తున, పీఠభూమి మీద ఉండటం వల్ల వచ్చిన వరం.

శ్రీను గారూ, మీ టవర్ అంటే పెద్ద మట్టికుండే కదా. అందులోంచి కిందికి వచ్చే నీళ్లు ఎన్ని డిగ్రీలు?

చిల్లర్_శ్రీను | మార్చి 5, రాత్రి 8:45

మాస్టారూ, మీరు అడిగిన ప్రశ్న నేను రోజూ అడుక్కోవాల్సింది.

ఈ మధ్యాహ్నం 3 గంటలకు మేడ మీదికి ఎక్కాను. మామూలు థర్మామీటర్ 33, తడిగుడ్డది 19. కాబట్టి మంచి టవర్ అయితే 3, 4 డిగ్రీల తేడాతో 23 డిగ్రీల నీళ్లు ఇవ్వాలి. మా మూడో టవర్ నుంచి వస్తున్నవి 28.

మూత తీసి చూశాను. లోపల ఫిల్ అని తేనెపట్టులా ముడతలు పెట్టిన ప్లాస్టిక్ రేకులు ఉంటాయి. నీళ్లు వాటి మీద పల్చగా పరుచుకుని జారుతుంటే గాలి తగిలి ఆవిరవుతాయి. ఆ సందులన్నీ తెల్లటి గారతో మూసుకుపోయి ఉన్నాయి. గోటితో గీకితే సున్నంలా రాలింది, కొన్ని చోట్ల గోరు కూడా దిగలేదు. నీళ్లు రేకుల మీద జారకుండా రెండు మూడు చోట్ల ధారగా పడిపోతున్నాయి. గాలి వెళ్లడానికి దారే లేదు.

కారణం నీళ్లే. పోయిన వేసవి నుంచి మాకు వచ్చేది ట్యాంకర్ల బోరు నీళ్లు. ఎక్కడి బోరో, ఎంత లోతుదో ఎవరూ చెప్పరు. నీళ్లు ఆవిరైనప్పుడు ఉప్పు వెనక మిగిలిపోతుంది. వెయ్యి టన్నుల ప్లాంటు ఫుల్ లోడ్‌లో ఉంటే గంటకు 6 వేల లీటర్లకు పైనే ఆవిరవుతాయి, అంటే గంటకొక చిన్న ట్యాంకర్. ఆ ట్యాంకర్లోని ఉప్పంతా మా రేకుల మీద పేరుకుంటోంది.

టవర్ నీళ్లు ఒక డిగ్రీ చల్లగా వస్తే చిల్లర్‌కు కరెంటు 2, 3 శాతం తగ్గుతుంది. మేము 5 డిగ్రీలు వదులుకుంటున్నాం. ఇన్నాళ్లూ 28 చూసి "వేసవి కదా" అనుకున్నాను. తడిగుడ్డతో కొలిచి ఉంటే పోయినేడే తెలిసేది.

అనూప్_మెకానికల్ | మార్చి 5, రాత్రి 9:20

శ్రీను అన్నా, రాత్రి తడిగుడ్డది ఎంత ఉంటుందో కూడా కొలవగలరా? తెల్లవారుజామున 15 దాకా దిగితే టవర్ నీళ్లు 18, 19కి రావాలి కదా. మీ సర్వర్ రూమ్ రాత్రంతా నడుస్తుంది. దానికి 7 డిగ్రీల నీళ్లు అవసరమా?

చిల్లర్_శ్రీను | మార్చి 6, ఉదయం 6:15

నైట్ డ్యూటీలో ఉండి 5 గంటలకు ఎక్కాను తమ్ముడూ. మామూలుది 19, తడిగుడ్డది పదిహేనున్నర. మొదటి టవర్ ఫిల్ కొత్తది, లోడ్ తక్కువ. నీళ్లు 18.5. చెయ్యి పెట్టి చూశాను, తెల్లవారి బావి నీళ్లలా ఉన్నాయి.

సర్వర్ రూమ్‌కు 22, 24 డిగ్రీల గాలి చాలు. ఈ నీళ్లతో నేరుగా అవుతుంది. లావణ్య గారు టొరంటోలో చూసిన పలకల పెట్టె ఒకటి మధ్యలో పెడితే నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా రాత్రులు ఆ గదికి చిల్లర్ వేయాల్సిన పనే లేదు. ఏప్రిల్, మే రాత్రుల్లో కుదరదు, అప్పుడు చిల్లర్ వేస్తాం. ఆఫీసు అంతస్తుల మాట వేరు, అక్కడ గాలిలోని తడి కూడా లాగాలి కాబట్టి చల్లనీళ్లు కావాలి.

లావణ్య_ఆర్కిటెక్ట్ | మార్చి 6, ఉదయం 9:00

అంతస్తులకు కూడా దారి ఉంది, కొత్త మేడలైతే. హైదరాబాద్ పోచారంలో ఇన్ఫోసిస్ 2011లో ఒక మేడను రెండు సగాలుగా కట్టింది. ఒక సగంలో మామూలు ఏసీ, రెండో సగంలో స్లాబులోనే పైపులు వేసి చల్లనీళ్లు తిప్పారు. స్లాబుకు 7 డిగ్రీలు అక్కర్లేదు, 15 దాటినా పనిచేస్తుంది. రెండో సగానికి కరెంటు దాదాపు మూడో వంతు ఆదా అయింది. గాలిలోని తడి తీయడానికి వేరే చిన్న యంత్రం పెడతారు. బెంగళూరు వాతావరణానికి ఇది హైదరాబాద్ కంటే బాగా నప్పుతుంది. నా క్లయింట్లకు ప్రతిసారీ చెప్తాను. స్లాబులో పైపు లీకైతే ఏం చేస్తామని భయపడి వెనక్కి తగ్గుతారు.

పద్మజ_హెచ్ఎస్ఆర్ | మార్చి 6, మధ్యాహ్నం 12:30

శ్రీను గారూ, నేను చెరువు నీళ్లు మేడలకు తెద్దామని మొదలుపెట్టాను. మీ పోస్ట్ చదివాక ఇంకో సంగతి వెలిగింది. మా అపార్ట్‌మెంట్‌లో 240 ఇళ్లు. మా ఎస్‌టీపీలో (మురుగునీటి శుద్ధి ప్లాంటులో) శుద్ధి చేసిన నీళ్లు ఫ్లష్‌లకు, చెట్లకు వాడాక కూడా రోజుకు 40 వేల లీటర్లు మిగులుతాయి. వాటిని కాలువలోకి వదులుతున్నాం. ఆ కాలువ చివరికి నాగరాజు గారి చెరువుకే వెళ్తుంది. ఇటు మీరు అదే రోజు ట్యాంకర్లు పెట్టి బోరు నీళ్లు కొంటున్నారు. మన మధ్య దూరం మూడు కిలోమీటర్లు. మా నీళ్లు మీ టవర్‌కు పనికొస్తాయా?

నాగరాజు_బెళ్లందూరు | మార్చి 6, మధ్యాహ్నం 1:10

మేడమ్, పనికొచ్చేట్టు అయితే ఇది తప్పకుండా చేయండి. బోర్లు తోడి తోడి మా పొలం బావి ఎండి పదిహేనేళ్లయింది. ఆ ట్యాంకర్ల నీళ్లు ఎక్కడివో నాకు తెలుసు, ఈ చుట్టుపక్కల ఊళ్లవే.

ల్యాబ్_సునీత | మార్చి 6, సాయంత్రం 6:20

నేను ఆస్పత్రి ల్యాబ్‌లో మైక్రోబయాలజీ చూస్తాను. ఆలోచన నచ్చింది, కానీ రెండు జాగ్రత్తలు లేకుండా మొదలుపెట్టకండి.

మొదటిది లెజియోనెల్లా. వెచ్చటి నీళ్లలో, పాచిలో పెరిగే బ్యాక్టీరియా ఇది. టవర్ నుంచి ఎగిరే తుంపరతో ఊపిరితిత్తుల్లోకి వెళ్లి ప్రమాదకరమైన న్యుమోనియా తెస్తుంది. 1976లో ఫిలడెల్ఫియాలో ఒక హోటల్‌లో సభకు వచ్చినవాళ్లు వరసగా జబ్బుపడినప్పుడే ఇది బయటపడింది. శుద్ధి చేసిన మురుగు నీటిలో బ్యాక్టీరియాకు తిండి ఎక్కువ. కాబట్టి బ్యాక్టీరియాను చంపే మందు మోతాదు తప్పకూడదు, నెలనెలా పరీక్ష చేయాలి, తుంపర బయటికి రాకుండా ఆపే పలకలు సరిగ్గా ఉండాలి. శ్రీను గారూ, గార పట్టిన ఫిల్ ఈ బ్యాక్టీరియాకు ఇల్లు లాంటిది. బోరు నీళ్లు వాడుతున్నా మీరు దాన్ని వెంటనే మార్చాల్సిందే.

రెండోది అమోనియా. ఎస్‌టీపీ సరిగ్గా నడవకపోతే నీళ్లలో మిగిలిపోతుంది, చిల్లర్‌లోని రాగి గొట్టాలను తినేస్తుంది. పద్మజ గారూ, శాంపిల్ పంపండి, ముందు అంకెలు చూద్దాం.

చిల్లర్_శ్రీను | మార్చి 14, రాత్రి 9:30

ఎనిమిది రోజులు రాయలేదు, పనిలో ఉన్నాను.

మూడో టవర్ ఫిల్ మొత్తం తీసేశాం. ఒక్కో కట్ట కొత్తగా ఉన్నప్పుడు ఒక మనిషి ఎత్తగలిగేది. గారతో కలిపి ఇద్దరు కూడా మొయ్యలేకపోయారు. తాడు కట్టి దించాం. కొత్త ఫిల్ వేసి, బేసిన్ కడిగి, మందు వేసి నిన్న మొదలుపెట్టాం. ఈ మధ్యాహ్నం తడిగుడ్డది 19.5, టవర్ నీళ్లు 23.5. దాని మీద నడిచే చిల్లర్ అదే లోడ్‌కు ఇదివరకు 310 కిలోవాట్లు చూపించేది, ఇవాళ 278.

సునీత గారి ల్యాబ్ రిపోర్టు వచ్చింది. మా ట్యాంకర్ నీళ్ల కఠినత్వం, అంటే గార కట్టే లవణాలు, లీటరుకు 640 మిల్లీగ్రాములు. పద్మజ గారి ఎస్‌టీపీ నీళ్లది 290. అమోనియా మాత్రం ఉండాల్సిన దానికంటే ఎక్కువ.

పద్మజ_హెచ్ఎస్ఆర్ | మార్చి 14, రాత్రి 10:05

అమోనియా ఎందుకు ఎక్కువో దొరికింది శ్రీను గారూ. మా ఎస్‌టీపీలో గాలి ఊదే బ్లోయర్లు రెండు. కరెంటు బిల్లు తగ్గించడానికి ఎవరో రాత్రి రెండూ ఆపేస్తున్నారు. నాకు తెలియనే తెలియదు. ఆదివారం నుంచి ఒకటి రాత్రంతా నడుపుతున్నాం. వచ్చే శనివారం ఉదయం 7 గంటలకు మళ్లీ శాంపిల్ తీస్తాం. సునీత గారు సీసాలు తెస్తానన్నారు. నాగరాజు గారూ, వీలైతే మీరు కూడా రండి. కాలువ ఎక్కడ మొదలై ఎక్కడికి వెళ్తుందో మా కమిటీవాళ్లకు మీరే చూపించాలి.

నాగరాజు_బెళ్లందూరు | మార్చి 15, ఉదయం 6:30

వస్తాను మేడమ్. మా అబ్బాయిని కూడా తీసుకొస్తాను.